ఉల్లి ముట్టని రోజులు

మేడమ్ పోయారని వాళ్ళాయన, మా అంకుల్, ఫోన్ చేసినప్పుడు నేను మారతహళ్ళి దగ్గర ఆఫీసు బస్సులో ఉన్నాను. బస్సు కదలడం లేదు. ఆ వేళకు అక్కడ ఏదీ కదలదు.

"నిద్రలోనేనమ్మా. కాఫీ కలుపుకొని పోయి లేపినాను, లేయలేదు," అన్నారాయన. నా చుట్టూ హారన్లు మోగుతున్నాయి. అవి ఆయనకూ వినిపించి ఉంటాయి. "ట్రాఫిక్కులో ఉండావా? పదిలంగా రా" అని పెట్టేశారు.

దిగి, రోడ్డు దాటి, ఆటో ఎక్కాను. ఊరు ఈ చివరి నుంచి ఆ చివరికి పోవాలి. బసవనగుడిలో వాళ్ళ ఇంటికి చేరేసరికి తీసుకుపోయారు. వాకిలి కడిగి ఉంది. ఆ తడిలో నిలబడి నేను మొదట అనుకున్నది, ఆలస్యమైంది, మేడమ్ తిడతారని. నేను ఆమె ల్యాబు వదిలి చాలా ఏళ్ళయిన తర్వాత కూడా నాలో ఆ భయం అలాగే ఉంది.

ఆమె నా పరిశోధనకు గైడ్. ఆమె గురించి పేపర్లలో ఎవరూ రాయలేదు, రాయరు కూడా. ఆమె పేరు మీద కొత్తగా కనిపెట్టిందంటూ ఏదీ లేదు. కనిపెట్టాననుకున్న ఒక్కదాన్నీ తన చేతులతో తనే చెరిపేసుకున్నారు. ఆ సంగతి తెలిసినవాళ్ళం ఇక కొద్దిమందిమే మిగిలాం. అందుకని రాస్తున్నాను. సరిగ్గా రాయగలనో లేదో తెలియదు.

తొంభైల మధ్యలో, హిందూపురం జూనియర్ కాలేజీలో బోటనీ చెప్పీ చెప్పీ విసిగి, పీహెచ్‌డీ చేద్దామని బెంగళూరు వచ్చాను. మొదటిరోజు మేడమ్ తన గదిలో కూర్చుని మజ్జిగ తాగుతున్నారు. మనిషి పొట్టి. కాటన్ చీర, పైన తెల్ల కోటు. కోటు జేబులోంచి ఎప్పుడూ ఒక చిన్న కత్తెర తొంగిచూసేది. నా సర్టిఫికెట్లు ముట్టుకోలేదు.

"ఉల్లిగడ్డ ఏ కుటుంబమప్పా?" అన్నారు. తెలుగు వినేసరికి నాకు ప్రాణం లేచి వచ్చింది. వాళ్ళ తాతల కాలం నుంచీ బెంగళూరే అయినా ఇంట్లో తెలుగే, మా సీమ తెలుగే, మధ్యమధ్యలో కన్నడం. ఆడా మగా అందరినీ అప్పా అనేవారు.

"లిల్లీ కుటుంబం మేడమ్."

"ఎవరు చెప్పినారు?"

"పుస్తకంలో ఉంది."

"పుస్తకానికి ఎవరు చెప్పినారు?"

ఆమె గ్లాసు కింద పెట్టారు. "పువ్వు లోపల చూసినోళ్ళు లిల్లీ అంటారు. పువ్వులన్నీ గొడుగు మాదిరి ఒకచోటే ఉండాయి కదా అని ఇంకొందరు ఇంకో కుటుంబంలో పెడతారు. రెండిండ్లోళ్ళూ ఎప్పటినుంచో కొట్లాడుకుంటా ఉండారు. ముక్కూమొహం చూసి చుట్టరికం కలిపితే ఇంతే. సుమ్నె, ఊరికే మనకెందుకు, ఉల్లినే అడుగుదాం రా."

ఉల్లిని అడగడమంటే దాని డీఎన్ఏ చదవడం. ఆకు తెచ్చి, ద్రవ నైట్రోజన్ పోసి, కల్వంలో పొడి చేసి, అందులోంచి డీఎన్ఏ తీస్తే అది గాజుగొట్టంలో తెల్లటి నూలుపోగులా తేలుతుంది. అన్ని మొక్కల్లోనూ ఉండే ఒక చిన్న భాగాన్ని ఎంచుకుని, దానికి యంత్రంలో లెక్కలేనన్ని కాపీలు తీస్తాం. ఆ భాగం నాలుగే అక్షరాలతో రాసిన పొడవాటి వాక్యం లాంటిది. ఏ, సీ, జీ, టీ. ఉల్లి వాక్యం పక్కన వెల్లుల్లి వాక్యం పెడితే అక్కడక్కడా ఒక అక్షరం తేడా. వానలకు ఇళ్ళ ముందు పూసే గులాబీరంగు వాన లిల్లీది పెడితే ఇంకాస్త ఎక్కువ తేడా. అసలు లిల్లీది పెడితే ఇంకా చాలా. తేడా తక్కువైతే దగ్గర చుట్టం, ఎక్కువైతే దూరం. అలా కొమ్మలు గీసుకుంటూ పోతే వంశవృక్షం తయారవుతుంది. ప్రపంచంలో చాలాచోట్ల ఇదే పని జరుగుతోంది. మా దగ్గర గ్లౌజులకు కొరత, కరెంటుకు కొరత. అయినా చేస్తున్నాం.

ఇప్పుడు ఆ అక్షరాలను యంత్రాలే చదివేస్తున్నాయి. అప్పట్లో మేమే చదివేవాళ్ళం. ఎక్స్‌రే ఫిల్మ్ మీద నాలుగు వరుసల్లో నల్లటి గీతలు పడేవి, నిచ్చెన మెట్లలాగా. ఫిల్మును దీపం పెట్టె మీద పరిచి కింది నుంచి పైకి ఎక్కుతూ చదవాలి. ఒకరు చదివితే ఒకరు రాయాలి. తర్వాత చదివినవాళ్ళు రాయాలి, రాసినవాళ్ళు చదవాలి. రెండూ కలవాలి. ఇది మేడమ్ పెట్టిన పద్ధతి. ఆమె చదివితే ఎక్కాలు ఒప్పజెప్పినట్టు ఉండేది, ఒక రాగంతో. ఊపిరి తీసుకునే చోట కూడా రాగం తప్పేది కాదు. మధ్యాహ్నాలు ఆ రాగానికి నాకు నిద్ర వచ్చేది. పెన్ను జారితే ఆగి, "ఏమప్పా, ఏ మెట్టు మీద పండుకున్నావు?" అనేవారు.

గీత మసకగా ఉన్నా, రెండు గీతలు అంటుకుపోయినా ఎన్ అని రాస్తాం. అక్కడ ఏదో అక్షరం ఉంది, ఏదన్నది తెలియదు అని దాని అర్థం. మొదట్లో నా కాగితం నిండా ఎన్‌లే. నాకు పుట్టుకతో వచ్చిన జబ్బు అనుమానం. గ్యాస్ కట్టేశానా అని వీధి చివరి నుంచి వెనక్కి వచ్చే రకం. ఇంట్లో అందరూ దానికి విసుక్కునేవాళ్ళు. మేడమ్ ఆ కాగితం చూసి, "ఇది వాక్యమా, ముగ్గుకు పెట్టిన చుక్కలా?" అన్నారు. నేను తల వంచుకున్నాను. ఆమె గొంతు తగ్గించారు.

"అనుమానమొస్తే ఇంకొకసారి చూడల్ల. ఇంకొకసారికీ తేలకుంటే అప్పుడు ఎన్ పెట్టు. చూడకముందే పెట్టేది సోమారితనం. చూసినాక పెట్టేది మర్యాద."

నా అనుమానానికి ఇంత చోటు ఇచ్చిన మనిషి అంతకుముందు ఎవరూ లేరు. తర్వాతా లేరు.

ఆ రోజుల్లోనే గుట్ట ఉల్లి దొరికింది. ఆ పేరు మేం పెట్టుకున్నదే. కోలారు దగ్గర ముళబాగిలు వైపు రాతిగుట్టల మీద తొలకరికి మొలిచే చిన్న గడ్డ, సన్నని ఆకులు. మేడమ్ దాన్ని చీర కొంగులో కట్టుకుని తెచ్చారు. ఆకు నలిపి ఒక్కొక్కరి ముక్కు దగ్గరా పెట్టారు. "చూడు, చూడు. ఏం వాసన?" సన్నగా ఉల్లి వాసన. ఉల్లికి సొంత చుట్టాలు హిమాలయాల్లో ఉన్నాయిగానీ మన దక్కనులో అడవిగా పెరిగేవి ఉన్నాయని ఎవరికీ తెలియదు. మేడమ్ మొహంలో ఆ వెలుగు నేను అంతకుముందు చూడలేదు. ఆ వారమంతా కారిడార్లో కూడా తొందరతొందరగా నడిచారు.

ఆ గడ్డ మమ్మల్ని బాగా ఏడిపించింది. దాని నిండా జిగురు. జిగురుంటే కాపీలు సరిగ్గా పడవు. ఎన్నోసార్లు ఖాళీ ఫిల్ములు వచ్చాక చివరికి గీతలు పడ్డాయి. ఆమె చదివారు, నేను రాశాను. మనుషులం మారాం. రెండూ కలిశాయి. ఉల్లి వాక్యం పక్కన పెట్టి చూస్తే దాదాపు తేడా లేదు. అంటే మన వంటింటి ఉల్లికి తోబుట్టువు కోలారు గుట్టల మీద పెరుగుతోంది.

ఆమె ఆ సంగతి ఒక పెద్ద సమావేశంలో చెప్పారు. చప్పట్లు కొట్టారు. వ్యాసం ఒక పత్రిక తీసుకుంది. ప్రొఫెసర్ పదవికి ఇంటర్వ్యూ దగ్గర్లోనే ఉంది. ఆ పదవి ఈసారి ఆమెదేనని డిపార్ట్‌మెంటంతా అనుకుంటోంది. టీ తెచ్చే ఆయన కూడా ముందుగానే స్వీటు అడిగేశాడు.

తర్వాత వాళ్ళ మామగారి తద్దినం వచ్చింది. ఆ ఇంట్లో తద్దినానికి రెండు రోజుల ముందు నుంచే ఉల్లి, వెల్లుల్లి వంటింట్లోకి రావు. మేడమ్ ఆ పని అంతా ముగించుకుని, సాయంత్రం ల్యాబుకు వచ్చారు. బయటి ఊరి నుంచి ఒకాయన గుట్ట ఉల్లి చూడ్డానికి వచ్చి ఉన్నాడు. దాన్ని పెంచుతున్న కుండీ దగ్గరికి తీసుకెళ్ళి, ఎప్పటిలాగే ఆకు నలిపి ఆయన ముక్కు దగ్గర పెట్టారు. ఆయన మర్యాదగా తల ఊపాడు. మేడమ్ తన వేళ్ళు తన ముక్కు దగ్గరకు తెచ్చుకున్నారు. ఇంకో ఆకు నలిపారు. ఇంకోటి.

ఆయన వెళ్ళిపోయాక నన్ను పిలిచారు. "చూడప్పా, వాసన ఉండాదా?"

లేదు. పచ్చి గడ్డి వాసన, అంతే.

ఆమె స్టూలు మీద కూర్చుని చాలాసేపు తన చేతులు చూసుకున్నారు. రోజూ తెల్లవారుజామున లేచి, ఇంటిల్లిపాదికీ సాంబారుకు చిన్న ఉల్లిపాయలు గోళ్ళతో ఒలిచి, వంట ముగించి, బస్సెక్కి వచ్చే చేతులు. ఆకులు కోసేటప్పుడు మాలో ఎవరమూ గ్లౌజులు వేసుకునేవాళ్ళం కాదు. అవి లోపలి పనికే చాలేవి కావు. ఆకు నలిపి అందరికీ వాసన చూపించింది ఎప్పుడూ మేడమే.

"వాసన ఆకుది కాదప్పా. నా వేళ్ళది."

నాకు వెంటనే అర్థం కాలేదు. ఆమెకు అప్పటికే అంతా అర్థమైపోయింది. వాసన అంటుకుంటే దాంతోపాటు గోళ్ళ సందుల్లోని ఉల్లి కూడా ఆకుకు అంటుకునే ఉంటుంది. మిగతా మొక్కల విషయంలో అది లెక్కలోకి రాదు, వాటి సొంత డీఎన్ఏ దండిగా ఉంటుంది కాబట్టి. గుట్ట ఉల్లికి జిగురు వల్ల నోరు పెగల్లేదు. దాని బదులు వంటింటి ఉల్లి మాట్లాడింది. మేం రాగం తీసి చదివిన వాక్యం ఆమె ఇంట్లో ఆకు కోసిన పొద్దున సాంబారులోకి పోయిన ఉల్లిపాయది.

"ఖచ్చితంగా చెప్పలేం కదా మేడమ్," అన్నాను నేను.

"చెప్పలేం. కాబట్టి చెప్పిందాన్ని వెనక్కి తీసుకోవల్ల."

ఇంటర్వ్యూ అయ్యేదాకా ఆగమని నలుగురూ నాలుగు రకాలుగా చెప్పారు. మళ్ళీ పరీక్ష చేసుకోండి, తప్పని తేలితే అప్పుడే చూద్దాం, ఇప్పుడు ఎవరు అడిగారు అన్నారు. అవన్నీ అన్యాయమైన మాటలేమీ కావు. నాకూ సబబుగానే అనిపించాయి. మేడమ్ అందరి మాటా విని, ఆ సాయంత్రమే పత్రికకు ఉత్తరం రాశారు. డిపార్ట్‌మెంటు మీటింగులో లేచి, గుట్ట ఉల్లి ఫలితం నమ్మదగింది కాదు, నా చేతుల ఉల్లి అందులో కలిసింది అని చెప్పారు. ఒక పెద్ద ప్రొఫెసర్ నవ్వుతూ, కన్నడంలో, "ఏమమ్మా, ల్యాబులో సాంబారు పెట్టారా?" అన్నాడు. కొందరు నవ్వారు.

"లేదు సార్, ఇంట్లో పెట్టినాను," అన్నారు మేడమ్. "మీ ఇంట్లో ఎవరు పెడతారు?"

అప్పుడు ఎవరూ నవ్వలేదు. పదవి మాత్రం ఇంకొకరికి వెళ్ళింది. అది తర్వాత కూడా ఆమెకు రాలేదు.

నన్ను తొలిచే సంగతి ఇదే. ఆ మాట ఆమె కొన్ని వారాలు ఆగి చెప్పి ఉంటే ఎవరికి నష్టం? ఒక గడ్డ వంశవృక్షంలో ఎక్కడ కూర్చుంటే ఎవరి కడుపు నిండుతుంది? ఒకసారి అడిగేశాను కూడా. మేడమ్ కత్తెరతో ఎండిన ఆకులు కత్తిరిస్తూ, తల ఎత్తకుండా అన్నారు. "తప్పు కొమ్మ మీద కూర్చోబెట్టినాము దాన్ని. అది దిగలేదు కదా. దించాల్సింది మనమే."

అప్పటి నుంచి మా ల్యాబులో ఉల్లి ముట్టని రోజులు మొదలయ్యాయి. సోమవారం నుంచి శుక్రవారం దాకా మేడమ్ ఉల్లి కోయరు, ఒలవరు, తినరు. మేమూ అంతే. హాస్టల్లో పొద్దున ఉల్లిపాయ వేసిన చిత్రాన్నం పెడితే నేను అరటిపండు తినేసి వచ్చేదాన్ని. ఊరంతా శనివారం మానేస్తే మేం శనివారం తినేవాళ్ళం. ఆ రోజు పని ఉండేది కాదు. మధ్యాహ్నం మేడమ్ ఇంట్లో ఉల్లి బజ్జీలు. మమ్మల్నందరినీ పిలిచేవారు. పండగ లాగే ఉండేది.

వాళ్ళ అత్తగారిని అందరం అజ్జి అనేవాళ్ళం. ఆమెకు ఇది కొరుకుడు పడలేదు. బజ్జీలు తింటూ మా ఎదురుగానే అనేది.

"మా కోడలు ఏదో వ్రతం పట్టిందప్పా. శుక్రవారం దాకా ఉల్లి ముట్టదంట. శనివారం మాత్రం పళ్ళెం నిండా తింటుందంట. ఏ దేవుడి వ్రతమో ఏమో, ఆ దేవుడికే తెలియల్ల."

"గుట్ట దేవుడు అత్తా," అనేవారు మేడమ్.

"ఆ దేవుడు ఉల్లి ఒలిచే పని నా కొడుక్కి చెప్పినాడా?"

నిజంగానే ఆ పని అంకుల్ మీద పడింది. ఆయన బ్యాంకు ఉద్యోగి. అప్పటిదాకా వంటింట్లోకి నీళ్ళకు తప్ప పోలేదు. అజ్జి సాంబారు ఉల్లి లేకుండా తినదు. అందుకని రోజూ పొద్దున ఆయనే పీట వేసుకుని, కళ్ళజోడు పెట్టుకుని, ఒక్కొక్క చిన్న ఉల్లినీ నోట్లు లెక్కపెట్టినంత నెమ్మదిగా ఒలిచేవారు. ఒకరోజు ఏదో పని మీద ఆ వేళకు వెళ్ళి చూశాను. మేడమ్ బయల్దేరుతున్నారు. ఆమె సంచీ, టిఫిన్ డబ్బా అందించేది అంకులే. అందించే ముందు ఆయన చేతులు సబ్బుతో కడుక్కుని, ఉప్పు రుద్దుకుని, మళ్ళీ కడుక్కుని, తడి చేతులు రెండూ ఆమె ముందు చాపారు. గోళ్ళు చూపించే బడిపిల్లవాడి లాగా.

"చూడు. ఉండాదా?"

మేడమ్ వంగి వాసన చూశారు. "ఉండాది. ఇంకొకసారి."

ఆయన మళ్ళీ కుళాయి దగ్గరికి వెళ్ళారు. నేనున్నానని ఇద్దరూ ఏమీ మొహమాటపడలేదు. రోజూ జరిగేదే అని అర్థమైంది.

గుట్ట ఉల్లిని మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టాం. జిగురు వదిలించడానికే ఏళ్ళు పట్టింది. నా పీహెచ్‌డీ వేరే మొక్కల మీద అయిపోయింది. ఉల్లి లిల్లీ కుటుంబం కాదని, వాన లిల్లీలకే దగ్గరని మా వంశవృక్షం కూడా చెప్పింది. అప్పటికే బయటి దేశాల వాళ్ళు చెప్పేశారు. మాది 'అవును, మేమూ చూశాం' అనడమే. గుట్ట ఉల్లి మాత్రం మిగిలింది. ఫిల్ములు పోయి యంత్రం వచ్చాక, ఒక మధ్యాహ్నం దాని వాక్యం శుభ్రంగా వచ్చింది. యంత్రం అక్షరాలు ముద్రించి ఇచ్చినా మేడమ్ వదల్లేదు. ఆమె పైకి చదివారు, నేను రాసుకున్నాను. మనుషులం మారాం. రాగం అదే.

అది ఉల్లికి ఏమీ కాదు. ఆ కుటుంబమే కాదు. బీళ్ళలో, గుట్టల్లో ఎక్కడ పడితే అక్కడ పెరిగే నక్కవుల్లి ఉంది చూడండి, అడవి ఉల్లి అంటారే, దానికి దగ్గర చుట్టం. కొత్తది కూడా కాదు, ఎప్పుడో ఎవరో పేరు పెట్టేసినదే. అన్నేళ్ళ పనికి వచ్చిన జవాబు అది. నేను పెన్ను పక్కన పెట్టేశాను. మేడమ్ మాత్రం కళ్ళజోడు తీసి తుడుచుకుని, "ఆయ్తు, అయింది. ఇల్లు చేరింది," అన్నారు. తర్వాత లేచి, మజ్జిగ తెప్పించారు. దాని మీద రాసిన వ్యాసం చిన్న పత్రికలో, చిన్నదిగా వచ్చింది. ఎవరైనా చదివారో లేదో తెలియదు.

ఆమె రిటైరయ్యారు. నేను ఇప్పుడు హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో ఒక కంపెనీలో పనిచేస్తాను. హూడి నుంచి రోజూ బస్సు. యంత్రాలు కుప్పలుగా అక్షరాలు పంపుతాయి. ఏ మొక్కవో, ఏ జంతువువో కొన్నిసార్లు మాకు తెలియదు. ఎన్‌లు ఎక్కువున్న ఫైలు వెనక్కి వస్తుంది. నా టీములో పిల్లలు చురుకైనవాళ్ళు. "మేడమ్, అక్కడ దాదాపు జీ అక్షరమే కదా, పెట్టేద్దామా?" అని అడుగుతారు. వద్దంటాను. ఇంకొకసారి నడపండి అంటాను. గడువు దాటిపోతుంది. పైవాళ్ళు నన్ను నిదానం మనిషి అంటారు. ఇంటికి వచ్చేసరికి ఒళ్ళు హూనమై, అసలు ఆ జీ గురించి నాకెందుకు అనిపిస్తుంది. మర్నాడు మళ్ళీ వద్దంటాను.

కిందటి వానాకాలం మేడమ్‌ను చూడ్డానికి వెళ్ళాను. అజ్జి పోయి అప్పటికే కొన్నేళ్ళు. వరండాలో కుండీలో గుట్ట ఉల్లి ఉంది, ల్యాబు నుంచి తెచ్చుకున్నదే. పని మానేసి అంతకాలమైనా పొద్దున ఉల్లి ముట్టడం మాత్రం ఆమె మళ్ళీ మొదలుపెట్టలేదు. "అలవాటు పోయింది. ఆయనకేమో అలవాటైపోయింది," అని నవ్వారు. మనిషి బాగా చిక్కిపోయారు. నా మొహం చూసి, "ఏమప్పా, ఇంత సుస్తుగా ఉండావు?" అన్నారు.

"విసుగ్గా ఉంది మేడమ్. మీకెప్పుడూ అనిపించలేదా? ఇంత చేసి, చివరికి దాన్ని ఎక్కడుండాల్సిందో అక్కడే పెట్టాం."

"అనిపించింది. ఇప్పుడు కూడా అనిపిస్తుంది." కుండీలో కలుపు ఒకటి పీకి పక్కన పడేశారు. "విసుగు పాటికి విసుగు ఉంటుందప్పా. దానికి కూడా కుర్చీ వేసి కూర్చోబెట్టు. నువ్వు చదువుకుంటా పో."

అదే ఆఖరు.

కర్మలన్నీ ముగిశాక, జనం పలచబడ్డాక మళ్ళీ వెళ్ళాను. తలుపు తీసే ఉంది. అంకుల్ వంటింట్లో పీట మీద కూర్చుని చిన్న ఉల్లిపాయలు ఒలుస్తున్నారు. ఒక్క మనిషికి సాంబారు ఎంత కావాలి? పళ్ళెం నిండా ఒలిచి ఉన్నాయి.

"కర్మలని నిన్నటిదాకా ఇంట్లో ఉల్లి లేదమ్మా," అన్నారు, నేను అడగకపోయినా. "ఈ పొద్దే తెచ్చినాను. చేతులు ఊరికే ఉండలేకపోతా ఉండాయి."

నేను గోడకు ఆనుకుని కింద కూర్చున్నాను. ఆయన ఒలవడం ఆపలేదు. కాసేపటికి గుర్తొచ్చినట్టు, "ఆ కుండీ నీకు ఇయ్యమనింది. ఎప్పుడో చెప్పి పెట్టింది," అన్నారు. లేచి వరండా దాకా నడిచారు. కుండీ మీదికి వంగి, చెయ్యి చాపి, ఆగిపోయారు. తన చేతులు చూసుకున్నారు.

"ఒక్క నిమిషం ఉండు."

"పర్లేదు అంకుల్," అన్నాను. ఆ ఆకులను ఇక ఎవరూ పొడి చెయ్యరు, వాటి అక్షరాలు ఎవరూ చదవరు. ఆయనకూ తెలుసు. అయినా వినిపించుకోలేదు.

కుళాయి తిప్పిన చప్పుడు. సబ్బు, తర్వాత ఉప్పు, మళ్ళీ నీళ్ళు. వచ్చి నా ముందు నిలబడి, తడి చేతులు రెండూ చాపారు. వేళ్ళ చివర నుంచి నీళ్ళు నేల మీద కారుతున్నాయి.

"చూడమ్మా. ఉండాదా?"

నేను వంగాను. సబ్బు వాసన వచ్చింది. దాని కింద ఇంకేదైనా ఉందో లేదో ఎంత ప్రయత్నించినా తేలలేదు.

"అనుమానంగా ఉంది అంకుల్," అన్నాను. "ఇంకొకసారి."

ఆయన తల ఊపి, మళ్ళీ కుళాయి దగ్గరికి వెళ్ళారు. నాకు ఆయన వీపే కనిపిస్తోంది. కొద్దిగా వంగిన వీపు, కదులుతున్న మోచేతులు. నీళ్ళు చాలాసేపు పారుతూనే ఉన్నాయి. కుండీ వరండాలో, ఎవరూ ముట్టకుండా, అలాగే ఉంది.